అధికారప్రదానము – జాతీయైక్యత: బ్రిటను చరిత్ర నేర్పు పాఠము

మన తెలుగువారు వాడుకలో "ఇంగ్లండు" అని పిలుచు రాజ్యము నిజమునకు ఇంగ్లండు ఒక్కటియే కాదు. ఇంగ్లండు, వేల్సు, స్కాట్లండు, ఉత్తర ఐర్లండు అను నాలుగు భాగముల కూడికచే ఏర్పడిన ఆ రాజ్యమునకు యునైటెడ్ కింగ్‌డమ్ అని పేరు. మొదటి మూడు భాగముల ప్రజలు తమ్ము వేరువేరు జాతులుగా భావింతురు. నాలుగవ భాగమున నివసించువారిలో కొందరు తాము బ్రిటిషువారమనియు, కొందరు ఐరిషువారమనియు, మరికొందరు తమకు రెండును చెల్లుననియు చెప్పుకొందురు. ఇట్లు అనేక జాతులు ఒకే రాజ్యమున కలసియుండునపుడు, ప్రతి జాతికిని తన వ్యవహారములను తానే చక్కబెట్టుకొను అధికారమును కొంత ఇచ్చుట మేలా, లేక అధికారమంతయు రాజధానియందే నిలుపుట మేలా? ఇచ్చినచో ఐక్యత చెడునా, బలపడునా? ఈ ప్రశ్న ఆ దేశమున నూటనలుబది యేండ్లకు పైగా వాదింపబడుచున్నది. దాని చరిత్రను క్రమముగా తెలిసికొనుట విద్యార్థులకు ఉపయోగకరము. ఒక రాష్ట్రమున అల్పసంఖ్యాకులుగా జీవించు మనవంటివారికి మరింత ఉపయోగకరము.

కేంద్రమునందలి పార్లమెంటు తన సార్వభౌమత్వమును వదలుకొనకయే, కొన్ని విషయములపై శాసనము చేయు అధికారమును, పరిపాలించు అధికారమును ఒక ప్రాంతీయ సభకు శాసనమూలముగా అప్పగించుటను ఆంగ్లమున "డివల్యూషన్" అందురు. ఈ వ్యాసమున దానిని అధికారప్రదానమని వ్యవహరింతము. సమాఖ్యకును దీనికిని భేదము కలదు. సమాఖ్యలో రాష్ట్రముల అధికారములు రాజ్యాంగమునందే వ్రాయబడియుండును. అధికారప్రదానమున ఇచ్చినది పార్లమెంటు. సిద్ధాంతరీత్యా తిరిగి తీసికొనగలదియు పార్లమెంటే. ఈ భేదమును పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక. ముందు చెప్పబోవు చిక్కులలో అనేకము దీనినుండియే పుట్టినవి.

నాలుగు భాగములు కలసిన తీరు

వేల్సు జయింపబడి కలిసినది. 13వ శతాబ్దమున మొదటి ఎడ్వర్డు దానిని జయించెను. పిదప 8వ హెన్రీ కాలమున 1536, 1543 సంవత్సరముల శాసనములచే అది పూర్తిగా ఇంగ్లండునందు చేర్చబడెను. ఆ శాసనములు న్యాయస్థానములలో ఇంగ్లీషునే వాడవలెననియు, ఇంగ్లీషు రానివారికి ఉద్యోగములు లేవనియు విధించినవి.

స్కాట్లండు ఒడంబడికచే కలిసినది. 1603లో ఆ దేశపు రాజే ఇంగ్లండునకును రాజైనను, రెండు పార్లమెంటులు వేరుగానే యుండెను. 1707లో అవి ఒక్కటియైనవి. అయినను స్కాట్లండు తన న్యాయవ్యవస్థను, తన క్రైస్తవసంఘమును, తన విద్యావిధానమును నిలుపుకొన్నది. ఐర్లండు 1801లో కలుపబడెను. అచటి ప్రజలలో అధికసంఖ్యాకులైన కాథలిక్కులకు పార్లమెంటున కూర్చుండు హక్కు 1829 వరకు లభింపలేదు. కలిసిన తీరు మూడుచోట్ల మూడు విధములైనందున, ఆయా జాతులు ఐక్యతను గూర్చి తలచు తీరును మూడు విధములైనది.

ఇరువురు పండితుల వాదము

ఈ విషయమున 19వ శతాబ్దమందలి ఇరువురు ఆంగ్ల పండితుల అభిప్రాయములు ఎదురెదురుగా నిలిచినవి. ప్రాతినిధ్య ప్రభుత్వమును గూర్చి 1861లో గ్రంథము ప్రకటించిన జాన్ స్టూవర్ట్ మిల్, వేరువేరు భాషలు చదువుచు మాటలాడుచు ఒకరిపై నొకరికి సానుభూతి లేని జాతులు కూడిన రాజ్యమున స్వేచ్ఛాసంస్థలు నిలుచుట దాదాపు అసాధ్యమని తలచెను. వేల్సు ప్రజలవంటి చిన్నజాతులు పెద్దజాతిలో లీనమగుటయే వారికి మేలని ఆయన మతము. మరుసటి సంవత్సరమే లార్డ్ ఆక్టన్ జాతీయతను గూర్చి ఒక వ్యాసము వ్రాసి ఇందుకు విరుద్ధముగా వాదించెను. అనేక జాతులు ఒకే రాజ్యమున కలసియుండుటయే ఆ రాజ్యపు స్వాతంత్ర్యమునకు గీటురాయి అనియు, ఒక్క జాతికే రాజ్యము నిచ్చినచో తక్కిన జాతులు దాని క్రింద నలిగిపోవుననియు ఆయన తలంపు.

స్వేచ్ఛకు మరిగినవాడైన మిల్ ఏకరూపతను కోరుటయు, మతాచారములను పాటించు కాథలిక్కైన ఆక్టన్ వైవిధ్యమును కోరుటయు వింతగా తోచవచ్చును. కాని తానే అల్పసంఖ్యాక మతమునకు చెందిన ఆక్టనునకు అధికసంఖ్యాకుల బలమెట్టిదో అనుభవపూర్వకముగా తెలియును. పుస్తకములలోని ఈ వాదమునకు తీర్పు చెప్పవలసినది చరిత్రయే. మొదటి పరీక్ష ఐర్లండున జరిగెను.

ఐర్లండు: ఆలస్యమునకు చెల్లించిన మూల్యము

ఐరిషు నాయకులు మొదట కోరినది ప్రత్యేక రాజ్యము కాదు. డబ్లినులో ఒక సభ, ఇంటివ్యవహారములపై అధికారము. దీనికే హోంరూలు అని పేరు. ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్ ఈ కోర్కె న్యాయమని గ్రహించి 1886లో ఒక బిల్లును తెచ్చెను. తన కక్షివారే అనేకులు ఎదురుతిరుగుటచే అది కామన్సు సభలో ఓడిపోయెను. రాజ్యాంగశాస్త్రమున ప్రసిద్ధుడైన డైసీ, పార్లమెంటు సార్వభౌమత్వమునకు ఇది గొడ్డలిపెట్టని వాదించుచు అదే సంవత్సరమున ఒక గ్రంథమునే వ్రాసెను. 1893లో రెండవ బిల్లు కామన్సు సభను దాటినది కాని, ప్రభువుల సభ 419 ఓట్లకు 41 ఓట్లు మాత్రమే యిచ్చి దానిని త్రోసివేసెను. మూడవ బిల్లు 1914లో శాసనమైనను, యుద్ధము వచ్చుటచే అమలు వాయిదా పడెను.

ఈలోగా ఓర్పు నశించినది. 1916లో డబ్లినులో తిరుగుబాటు జరిగెను. దానిని అణచిన ప్రభుత్వము ఆ మే నెలలో 15 మందిని కాల్చి చంపించెను. 1918 ఎన్నికలలో ఐర్లండునకు గల 105 స్థానములలో 73 స్థానములను, సంపూర్ణ స్వాతంత్ర్యమును కోరిన షిన్ ఫేన్ పక్షము గెలుచుకొన్నది. 1922లో ఐరిషు స్వేచ్ఛారాజ్యము ఏర్పడి వేరైనది. 1949లో అది గణతంత్రమైనది. 1886లో ఇచ్చియుండినచో స్వల్పాధికారముతో ఐర్లండు తృప్తిచెంది యుండెడిదని నిశ్చయముగా చెప్పలేము. కాని అడిగినపుడు ఇవ్వనందున ఐక్యత నిలువలేదని మాత్రము నిశ్చయముగా చెప్పవచ్చును.

ఈ చరిత్రకును మన దేశమునకును సంబంధము కలదు. 1892లో కామన్సు సభకు ఎన్నికైన దాదాభాయి నౌరోజీ ఐరిషు హోంరూలును సమర్థించెను. 1894లో మద్రాసులో జరిగిన కాంగ్రెసు మహాసభకు ఆల్‌ఫ్రెడ్ వెబ్ అను ఐరిషు పార్లమెంటు సభ్యుడు అధ్యక్షత వహించెను. 1916లో తిలకు మహాశయుడును, మద్రాసునందలి అడయారు కేంద్రముగా అనీబిసెంటును స్థాపించిన సంఘములకు హోంరూలు లీగులని పేరు పెట్టుటయు ఐర్లండును చూచియే.

ఉత్తర ఐర్లండు: అధికారము చేరవలసినంత దూరము చేరకున్నచో

ఇక రెండవ పరీక్ష. 1920 శాసనముచే ఐర్లండు విభజింపబడి, ఉత్తరమునందలి ఆరు జిల్లాలకు 1921లో ఒక పార్లమెంటు ఏర్పడెను. చిత్రమేమన, హోంరూలును తీవ్రముగా వ్యతిరేకించిన ప్రొటెస్టెంటు యూనియనిస్టులకే అది దక్కినది. వారు ఆ ప్రాంతమున అధికసంఖ్యాకులు. కాథలిక్కులు సుమారు మూడవవంతు. 1921 మొదలు 1972 వరకు ఏబది సంవత్సరములు ఒకే పక్షము అచట ఎడతెగక పాలించెను. చిన్నపక్షములకు రక్షణగా నేర్పరచిన దామాషా ఎన్నికలపద్ధతి స్థానికసంస్థలలో 1922లోను, పార్లమెంటునకు 1929లోను తొలగింపబడెను. లండన్‌డెర్రీ నగరమున కాథలిక్కులే అధికసంఖ్యాకులై యుండియు, వార్డుల సరిహద్దులు గీసిన తీరుచే నగరసభలో యూనియనిస్టులదే పైచేయి. ఇండ్ల కేటాయింపులోను ఉద్యోగములలోను పక్షపాతము జరుగుచున్నదని కాథలిక్కులు మొరపెట్టుకొనిరి.

ఇన్నియేండ్లు లండను పార్లమెంటు ఏమి చేయుచుండెను? ఆ విషయములు బెల్‌ఫాస్టు ప్రభుత్వమునకు అప్పగింపబడినవి గనుక వానిని గూర్చి తాము చర్చింపరాదని మౌనము వహించుచుండెను. 1968లో పౌరహక్కుల ఊరేగింపులు ప్రారంభమైనవి. వానిని లాఠీలతో నెదుర్కొనుటతో కలహము ముదిరెను. 1972లో లండను ప్రభుత్వము ఆ సభను నిలిపివేసి తానే పాలన చేపట్టెను. ముప్పదియేండ్లు సాగిన ఆ సంక్షోభమున 3,500 మంది వరకు ప్రాణములు గోల్పోయిరి.

ఈ ఘట్టమును మనము శ్రద్ధతో పరిశీలింపవలెను. ఇచట చెడినది అధికారము నిచ్చుట కాదు. ఇచ్చిన అధికారము అధికసంఖ్యాకుల చేతిలో ఆగిపోవుట. లండనునుండి బెల్‌ఫాస్టునకు వచ్చిన అధికారము, బెల్‌ఫాస్టునుండి వీథిచివరనున్న అల్పసంఖ్యాకుని గడపవరకు పోలేదు.

1998 ఏప్రిలు 10వ తేదీన కుదిరిన ఒడంబడిక ఈ లోపమును సవరింప యత్నించినది. దాని ప్రకారము ప్రథమమంత్రియు ఉపప్రథమమంత్రియు సమానాధికారులు; ఒకరు రాజీనామా యిచ్చినచో రెండవవారును పదవియందు నిలువజాలరు. ముఖ్యనిర్ణయములకు రెండు వర్గముల సమ్మతియు కావలెను. ఆ ప్రాంతము బ్రిటనులో నుండుటయా, ఐర్లండుతో కలియుటయా అనునది అచటి ప్రజలలో అధికసంఖ్యాకుల సమ్మతి లేనిదే మారదు. ఆ యేటి మే నెలలో ఉత్తర ఐర్లండు ప్రజలు నూటికి 71 మంది దీనిని ఆమోదించిరి. ఈ ఏర్పాటును లోపరహితము కాదు: ఒక వర్గము అలిగినచో ప్రభుత్వమే స్తంభించును. 2017 నుండి 2020 వరకును, 2022 నుండి 2024 వరకును అట్లే జరిగెను. అయినను సభ ఆగిపోవుట వేరు, నెత్తురు పారుట వేరు.

వేల్సు: భాషయు బడియు

వేల్సు సమస్యకు భాష మూలము. 1588లో విలియం మోర్గన్ బైబిలును వెల్షు భాషలోనికి పూర్తిగా అనువదించుటచే ఆ భాష దేవాలయమున బ్రదికినది. కాని 19వ శతాబ్దమున అనేక బడులలో వెల్షు మాటలాడిన పిల్లవాని మెడకు ఒక కొయ్యముక్కను వ్రేలాడదీయుచుండిరి. మరియొక పిల్లవాడు ఆ భాష మాటలాడిన అది అతని మెడకు మారును. సాయంకాలమున ఎవని మెడలో నుండునో వానికి దెబ్బలు. 1901లో ఆ ప్రాంతమున సుమారు సగముమందికి వచ్చిన భాష 2021 జనాభా లెక్కలనాటికి నూటికి 18 మందికిలోపు మాత్రమే మిగిలినది.

తమ గోడు లండనులో చెల్లదని వేల్సు ప్రజలకు మనసునకు నాటునట్లు చేసిన సంఘటన యొకటి కలదు. లివర్‌పూల్ నగరమునకు నీటికొరకు ట్రివెరిన్ లోయలో ఆనకట్ట కట్టుటకు 1957లో పార్లమెంటు అనుమతి నిచ్చెను. వేల్సు ప్రతినిధులలో అత్యధికులు వ్యతిరేకించినను లాభములేకపోయెను. కాపెల్ కెలిన్ అను వెల్షుభాషీయుల పల్లె తన బడితోను, ప్రార్థనాలయముతోను, శ్మశానముతోను 1965లో నీట మునిగెను. 2005లో లివర్‌పూల్ నగరసభ క్షమాపణ కోరినది కాని మునిగిన పల్లె తిరిగి రాదుగదా.

ఇంత జరిగినను 1979లో ప్రాంతీయసభ కావలెనా అని అడిగినపుడు వేల్సు ప్రజలలో ఓటుచేసిన ప్రతి ఐదుగురిలో నలుగురు వలదనిరి. ఇంగ్లీషు మాటలాడువారు వెల్షుభాషీయుల పెత్తనమునకును, వెల్షుభాషీయులు తాము అల్పసంఖ్యాకులై నలుగుదుమనియు భయపడుట అందుకు గల కారణములలో నొకటి. 1997లో మరల అడిగినపుడు కేవలము 6,721 ఓట్ల ఆధిక్యముతో సభ ఏర్పడెను. ఆ సభ భయములను పోగొట్టునట్లు నడచుకొన్నది. సభలో రెండు భాషలకును సమాన గౌరవము. 2011లో వెల్షునకు అధికారభాషా ప్రతిపత్తి. 2050 నాటికి పదిలక్షలమంది ఆ భాష మాటలాడునట్లు చేయవలెనను సంకల్పము. ఆ సభకు శాసనాధికారమును విస్తరింపవచ్చునా అని 2011లోనే అడిగినపుడు నూటికి 63 మందికి పైగా ఔననిరి. నమ్మకము శాసనముతో పుట్టదు, నడవడితో పెరుగునని ఇందువలన తెలియుచున్నది.

స్కాట్లండు: అడిగి నిలుపుకొన్న ఐక్యత

స్కాట్లండున 1979లో ఓటుచేసినవారిలో అధికులు సభ కావలెననిరి. కాని మొత్తము ఓటర్లలో నూటికి 40 మంది అనుకూలురై యుండవలెనని షరతు విధింపబడుటచేత, 32.9 మాత్రమే రాగా, ఆ కోర్కె నెరవేరలేదు. గెలిచియు ఓడితిమను బాధ ఇరువదియేండ్లు నిలిచినది. 1997లో నూటికి 74 మంది అనుకూలముగా ఓటుచేయగా, 129 మంది సభ్యులుగల పార్లమెంటు 1999లో ఏర్పడెను. విద్య, ఆరోగ్యము, వ్యవసాయము, న్యాయస్థానములు మున్నగునవి దానికి చెందినవి. దేశరక్షణ, విదేశవ్యవహారములు, నాణెము లండనుకే మిగిలినవి.

ఆ కాలమున ఒకే కక్షికి చెందిన ఇరువురు రెండు జోస్యములు చెప్పిరి. అధికారప్రదానము వేర్పాటువాదమును తుదముట్టించునని జార్జి రాబర్ట్‌సన్ తలచెను. అది స్వాతంత్ర్యమునకు పోవు తిన్నని బాటయే, నడుమ మలుపు లేదని టామ్ డాలియెల్ హెచ్చరించెను. రెండును పూర్తిగా ఫలింపలేదు. స్వాతంత్ర్యమును కోరు స్కాటిషు నేషనల్ పార్టీ 2007లో ప్రభుత్వము నేర్పరచి, 2011లో 69 స్థానములతో పూర్తి ఆధిక్యమును పొందినది. కావున వేర్పాటువాదము చావలేదు. కాని లండను ప్రభుత్వపు సమ్మతితోనే 2014 సెప్టెంబరు 18న ప్రజల నడిగినపుడు నూటికి 55 మంది కలసియుందమనిరి. కావున బాట స్వాతంత్ర్యమునకు చేరలేదు. ఆనాడు ఓటర్లలో నూటికి 84 మందికి పైగా ఓటుచేసిరి. పదునారేండ్ల బాలబాలికలకును ఓటు లభించెను. అంతటి ప్రశ్న అడుగబడియు, ఒక తుపాకియైనను ప్రేలకుండుట ఐరిషు చరిత్ర నెరిగినవారికి అల్పవిషయముగా తోచదు.

నేటికిని తీరని సందేహములు

ఇంతమాత్రముచే అంతయు చక్కబడెనని తలపరాదు. 2016లో యూరోపియను యూనియనునుండి వైదొలగుటను గూర్చి ప్రజల నడిగినపుడు, మొత్తముమీద నూటికి 52 మంది వైదొలగుదమనగా, స్కాట్లండున 62 మందియు, ఉత్తర ఐర్లండున 56 మందియు ఉందమనిరి. లెక్క మొత్తముమీదనే చూడబడెను. అప్పగించిన విషయములపై ప్రాంతీయసభ సమ్మతి లేనిదే లండను పార్లమెంటు సాధారణముగా శాసనము చేయరాదను సంప్రదాయము కలదు; 2016లో దానిని స్కాట్లండు శాసనమునందు వ్రాసిరి. మరుసటి సంవత్సరమే అది రాజకీయ సంప్రదాయమేగాని న్యాయస్థానము అమలుజరుప తగినది కాదని సుప్రీంకోర్టు చెప్పెను. స్కాట్లండు, వేల్సు సభలు సమ్మతింపకున్నను 2020లో అంతర్గత విపణి శాసనము చేయబడెను. స్వాతంత్ర్యమును గూర్చి మరల ప్రజాభిప్రాయమును సేకరించు అధికారము స్కాట్లండు పార్లమెంటునకు లేదని 2022 నవంబరులో అదే న్యాయస్థానము తీర్పు చెప్పెను.

ఇంగ్లండు ప్రజలకును ఫిర్యాదు లేకపోలేదు. రాజ్యపు జనాభాలో నూటికి 84 మందికి పైగా గల ఇంగ్లండునకు ప్రత్యేకసభ లేదు. ఇంగ్లండు బడులను గూర్చి స్కాట్లండు సభ్యుడు లండనులో ఓటుచేయవచ్చును. స్కాట్లండు బడులను గూర్చి ఇంగ్లండు సభ్యుడు చేయజాలడు. 1977లో డాలియెల్ లేవదీసిన ఈ ప్రశ్నకు సమాధానముగా 2015లో ఒక సభానియమమును ఏర్పరచి, 2021లో దానిని తీసివేసిరి. ప్రశ్న ప్రశ్నగానే యున్నది.

మనము గ్రహింపవలసినది

భారతరాజ్యము బ్రిటను వంటిది కాదు. మన రాష్ట్రముల అధికారములు రాజ్యాంగపు ఏడవ షెడ్యూలులో వ్రాయబడినవి. సాధారణశాసనముచే తీసివేయుటకు వీలులేదు. కాని రాష్ట్రముల సరిహద్దులను మార్చు అధికారము 3వ అధికరణముచే మన పార్లమెంటునకు కలదు. 1936లో ఒరిస్సా ఏర్పడినపుడును, 1953లో ఆంధ్రరాష్ట్రము, 1956లో భాషారాష్ట్రములు ఏర్పడినపుడును, గీత ఎచట గీచినను ఆవల కొందరు మిగిలిరి. అట్లు మిగిలినవారి సంతతివారును, అంతకు ఎన్నో తరములకు పూర్వమే వచ్చి స్థిరపడినవారును ఈ సంచికను చదువుచున్నారు. రాజ్యాంగకర్తలు 29, 30 అధికరణములలో భాషాసంస్కృతులను కాపాడుకొను హక్కును, విద్యాసంస్థలను నెలకొల్పుకొను హక్కును ఇచ్చిరి. 1956లో చేర్చిన 350-ఎ అధికరణము, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషయందు బోధించుటకు తగిన వసతులు కల్పింప యత్నించుట రాష్ట్రముల విధియని చెప్పుచున్నది.

అధికారప్రదానమును ఐక్యతకు శత్రువనుట గాని, మిత్రమనుట గాని సగము సత్యము. ఐర్లండున ఇవ్వక చెడినది. ఉత్తర ఐర్లండున ఇచ్చి, కడవరకు చేర్పక చెడినది. వేల్సునందు ఇచ్చి, రెండు భాషలవారిని ఆదరించి బాగుపడినది. స్కాట్లండున అడిగి, వినుటచేత ఇంతవరకు నిలిచినది. కాలువకు నీరు వదలినంత మాత్రమున పైరు పండదు; చివరి మడికి నీరెక్కినపుడే పండును. కేంద్రము రాష్ట్రమును నమ్మవలెనని కోరు ప్రతి రాష్ట్రమును, తనలోని అల్పసంఖ్యాకులను అదేరీతిని నమ్మవలెను. మన పిల్లలు ఈ బడిలో తమ భాష చదువుకొనుచు, తామున్న రాష్ట్రపు భాషను కూడ ఆదరముతో నేర్చుటవలన ఆ నమ్మకమునకు మనవంతు చేర్చినవారమగుదుము.

విద్యార్థులు ఆలోచింపదగిన ప్రశ్నలు

1. సమాఖ్యకును అధికారప్రదానమునకును గల ముఖ్యభేదమేది? స్కాట్లండు విషయమున 2017, 2022 తీర్పులకు దానితో గల సంబంధమును వివరింపుము.

2. మిల్, ఆక్టన్ పండితుల వాదములలో దేనిని ఉత్తర ఐర్లండు చరిత్ర బలపరచుచున్నది? ఏల?

3. 1979లో వలదన్న వేల్సు ప్రజలు 2011లో ఔననుటకు గల కారణములను ఊహించి వ్రాయుము.